యాంటెన్నాకి కట్టిన తాడు

"ఈసారి తాడొద్దురా. క్లిప్పు పెట్టు, చిటికెలో ఊడొస్తుంది," అన్నాడు బావ.

చిన్నోడు జీపు వైర్‌లెస్ రేడియో యాంటెన్నాని విల్లులా వంచి బంపరుకి తగిలించాడు. కొమ్మలు తగిలే దారిలో దాన్నిలా వంచి కట్టేస్తారు, చెట్లు దాటగానే వదిలేస్తారు. వంగి ఉంటే రేడియోలో మాట దూరం పోదు. పోయిన వానల్లో చిన్నోడి జీపు లోయలో పడ్డప్పుడు, వాడు ఆ తాడు విప్పడం మరిచాడని బావే చెప్పాడు. అందుకే రేడియోలో ఎంత అరిచినా, ముందు జీపులో వెళ్తున్న బావకి వినపడలేదట. తెల్లారేదాకా చిన్నోడి కాలు జీపు కిందే నలిగింది.

"నా మతిమరుపే నన్ను కుంటోణ్ణి చేసింది బావా."

"ఊరుకోరా. ఆ అవస్థలోనూ 'అక్కకి చెప్పకు, బెంగపెట్టుకుంటుంది' అన్నావు చూడు, నీకు నువ్వే సాటి."

చిన్నోడి చేతిలో పానా ఆగిపోయింది.

ఆ మాట అన్నది నిజమే. స్పృహ తప్పేముందు, రేడియోలో. ఆ తర్వాత సిగ్గేసి ఎవరి దగ్గరా అనలేదు.

"అయితే విన్నావన్నమాట."

బావ మొహం పాలిపోయింది. "దారి మొత్తం జారిపోతోందిరా. నేనూ వెనక్కొస్తే ఇద్దరం పోయేవాళ్ళం..."

"మరి నేను తాడు విప్పలేదన్నావే?"

బావ పాత తాడుని కాలితో జీపు కిందకి తోశాడు.

ఇంతలో అక్క రెండు టీ గ్లాసులతో గుమ్మం దిగింది. బావ గబుక్కున చిన్నోడి చెవి దగ్గరికి వంగాడు.

"మీ అక్కకి చెప్పకురా."

"ఏంటి, బావాబావమరుదులు గుసగుసలాడుకుంటున్నారు?" అంది అక్క.

చిన్నోడు క్లిప్పు తీశాడు. యాంటెన్నా ఝుమ్మని నిటారుగా లేచి, ఊగి ఊగి ఆగింది.

"బావ ఏదో అంటున్నాడక్కా," అన్నాడు గ్లాసు అందుకుంటూ. "నాకు వినపడలేదు."