పక్కవీధికి వచ్చేసింది

“కరెంటాఫీసుకి ఫోను చేశారటమ్మా, పొద్దున్నే చేశారట. ఎత్తే నాథుడుంటేగా,” అన్నారు మేడమీద మేష్టారు, మెట్ల మీద నిలబడి తడిసిన తువ్వాలు పిండుకుంటూ.

కోడలు లోపలికెళ్లి ఆక్సిజన్ సిలిండరు మీటరులో సూది చూసుకుంది. తెల్లవారుజామున పెనుగాలి వీధినంతా పట్టి ఊపేసినప్పుడు కరెంటు పోయింది. దాంతోపాటే అత్తగారికి ఊపిరందించే మిషనూ ఆగిపోయింది. అప్పటినుంచీ ఆవిడ ప్రాణం ఈ ఒక్క సిలిండరు మీదే నడుస్తోంది. సూది ఎర్రగీత వైపు జారుతోంది. ఆసుపత్రి రోడ్డుకు అడ్డంగా చెట్లు పడ్డాయి, అవి తీసేదాకా అంబులెన్సూ రాదు, ఇంకో సిలిండరూ రాదు. సెల్లులో ఛార్జింగు అడుగంటింది. మిగిలిన ఆ కాస్తా ఆసుపత్రి వాళ్లు ఫోను చేస్తే ఎత్తడానికని దాచుకుంది.

“నీ కుట్టుమిషను చప్పుడు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదే,” అంది అత్తగారు, మాస్కు పక్కకు జరిపి.

“మాట్లాడకండి అత్తయ్యా. గాలి వృథా అవుతుంది.”

“మాట్లాడకుండా బతకడం నాకు చేతనవునా?”

కోడలికి నవ్వొచ్చింది. పెళ్లయి వచ్చిననాడు బొత్తాం కుట్టడం కూడా రాని తనకు పని నేర్పి, పదిమందిలో నిలబెట్టింది ఈవిడే.

మధ్యాహ్నానికి ఎదురింటి పిన్ని రొప్పుకుంటూ వచ్చింది.

“పక్కవీధికి వచ్చేసిందే. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, టీవీలు మోగుతున్నాయి. మనమే వాళ్లకి కానివాళ్లం.”

కోడలికి ఒళ్లు మండింది. “మనవాళ్లు గట్టిగా అడగలేదా పిన్నీ?”

“అడక్కేం? ఫోను తీసి పక్కన పెట్టేస్తున్నారట. మనుషులా వాళ్లు?”

వీధి చివర మందుల షాపాయన బాధ మందుల షాపాయనది. “వస్తాం వస్తాం అంటున్నారట. నోటికదో అలవాటు. నా ఫ్రిజ్జులో ఇంజెక్షన్లన్నీ పాడైపోతున్నాయి. ఎవరికి చెప్పుకోను?”

ఎంత అన్యాయం! బిల్లు కట్టడం ఒక్కరోజు ఆలస్యమైతే ఫ్యూజు పీకడానికి మాత్రం మనిషి ఠంచనుగా దిగుతాడు. ప్రాణం మీదికొచ్చి ఇంతమంది మొత్తుకుంటుంటే అక్కడ ఒక్కరికీ చీమకుట్టినట్టయినా ఉండదు. మనుషులు పోతే గానీ కదలరా వీళ్లు? కోడలు పళ్లు నూరుకుంటూనే అత్తగారి వీపు నిమిరింది.

నాలుగు కావొస్తుంటే సూది ఎర్రగీతను తాకింది.

“పిన్నీ, అత్తయ్య దగ్గర కూర్చో. నేనిప్పుడే వస్తా,” అని చెప్పులేసుకుని వీధిలోకి వచ్చింది. “రండి. ఫోన్లు చేసింది చాలు. వెళ్లి మొహం మీదే అడుగుదాం.”

మేష్టారు పంచె ఎగ్గట్టారు. మందుల షాపాయన షట్టరు లాగేశాడు. దారిలో ఇంకో నలుగురు కలిశారు. విరిగిన కొమ్మలు దాటుకుంటూ, బురదలో కాళ్లీడ్చుకుంటూ, కరెంటాఫీసుని తిట్టిన తిట్టు తిట్టకుండా మార్కెట్టు వెనక్కి చేరారు.

ఆఫీసంటే ఒక్కటే గది. నేలంతా బూట్ల బురద. బల్ల దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. వీళ్లు గుమ్మం దాటుతుండగానే ఫోను మోగింది. రెండోసారి మోగేలోపే ఎత్తి, ఏ వీధో కనుక్కుని పెట్టేసింది.

“చూశారా, మనం ఎదురుగా ఉంటే ఎంత చక్కగా ఎత్తుతోందో,” అన్నారు మేష్టారు.

ఇక అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. ఆవిణ్ణి ఉతికి ఆరేశారు.

“మీది ఏ వీధండీ?” అనడిగిందావిడ.

“ఏ వీధో కూడా తెలీదట, విన్నారా?” అన్నాడు మందుల షాపాయన.

“వాటర్ ట్యాంకు వెనక వీధి,” అంది కోడలు. “మా అత్తయ్య ఆక్సిజన్ మీదుంది. సిలిండరు అయిపోవచ్చింది.”

ఆవిడ చటుక్కున లేచి వరండాలోకి కేకేసింది. అప్పుడే పనినుంచి వచ్చి టీ తాగుతున్న లైన్‌మ్యాను సగం గ్లాసు అక్కడే వదిలేశాడు.

“ట్యాంకు వెనకా? ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోయుంటుంది. పక్కవీధిదీ అంతే. పావుగంట పని,” అని బండి మీద కూర్చుని వెళ్లిపోయాడు.

పావుగంట పని. ఆ మాటతో కోడలికి ఉన్న కాస్త ఓపికా పోయింది. ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

“పావుగంట పనికి మా అత్తయ్యని పొద్దుట్నుంచీ చావుబతుకుల మధ్య వేలాడదీశారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు లేరా? ఒకరా ఇద్దరా, వీధి వీధంతా మొత్తుకుంటే ఒక్క మనిషిని పంపడానికి మీకు మనసొప్పలేదా? ఎన్నిసార్లు చెబితే వస్తారండీ మీరు?”

“అడుగమ్మా, గట్టిగా అడుగు,” అన్నారు వెనకనుంచి మేష్టారు.

ఆవిడ కోప్పడలేదు. అందరూ అరిచి అలిసేదాకా ఆగి, కోడలికి మంచినీళ్ల గ్లాసు అందించింది.

“ఒక్కసారి చెబితే చాలమ్మా,” అంది, బల్లమీది కంప్లైంట్ల పుస్తకం ఇటు తిప్పి.

“మీ వీధి నుంచి ఇదే మొదటి కంప్లైంటు.”