ప్రాణమొక్కటే తక్కువ

"నొక్కి చూడొచ్చా?" అన్నాడు బసవపున్నయ్య.

"నొక్కండి అయ్యగారూ. గుద్దినా సొట్ట పడదు," అన్నాడు మత్తయి.

కర్లపాలెంలో సామ్రాజ్యం ఇంటి గేదెలపాక అది. గుంజకు ఆనించి నిలబెట్టిన గడ్డిదూడ పొట్టను బసవపున్నయ్య రెండు బొటనవేళ్లతో నొక్కాడు. చచ్చిపోయిన దూడ తోలు ఒలిచి, లోపల వరిగడ్డి కూరి, కుట్టి నిలబెట్టాడు మత్తయి. తల్లిగేదె దాన్ని నాకుతూ తన బిడ్డే అనుకుని పాలు చేపుతుంది. సూదిమందు వేసి పాలు పిండుకోవడం మొదలయ్యాక, ఈ రెండేళ్లలో మత్తయిని పని మీద పిలిచింది సామ్రాజ్యం ఒక్కతే. ఇవాళ పిట్టలవానిపాలెం నుంచి ఈ ఆసామి వచ్చాడు. ఈయన మెచ్చితే చేతిలో విద్య ఇంకో పదేళ్లు బతుకుతుంది. లేకపోతే దబ్బనం చూరులో దోపుకుని కూర్చోవడమే.

బసవపున్నయ్య సంతలో ఎద్దును బేరమాడేవాడిలా దూడ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చెవులు మడిచి వదిలాడు. తోక లాగాడు.

"కుట్టు కనపడదేం?"

"పొట్టకింద వేశానండి. గేదె అక్కడ నాకదు. దారం తగిలితే నాలిక్కి తెలిసిపోద్ది."

"కళ్లు మూసేశావే?"

"గేదె కంటితో చూడదండి, ముక్కుతో చూస్తది. దాని బిడ్డ వాసన దానికి మిగల్చాలి. అందుకే తోలు పైన నీళ్లు తగలనివ్వను. లోపల మాత్రం ఉప్పూ బూడిదా పట్టిస్తాను."

"ఈ వెనక కాలు పొట్టి."

మత్తయి మొహం చిన్నబోయింది. ఆరు నెలల్లో ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు.

"నిజమేనండి. వీళ్లు కబురు పెట్టేసరికే దూడ పోయి ఒక పూటయింది. తోలు బిగుసుకుపోయింది. పోయిన గంటలోపు నా చెయ్యి పడితే ఈ లోపం రాదు. ఒంటి మీద గాయం కూడా ఉండకూడదండి."

"గాయం లేదు. ఆ లోపమూ రాదులే," అన్నాడు బసవపున్నయ్య.

సామ్రాజ్యం పాలచెంబుతో వచ్చి గేదె కింద కూర్చుంది. గేదె మెడ చాచి గడ్డిదూడ వీపును నాకసాగింది. అక్కడ వెంట్రుకలు అప్పటికే అరిగిపోయాయి. నిమిషం తిరగకుండా పాలధార చెంబులో చర్రుమంది. ఎన్నిసార్లు చూసినా మత్తయికి ఆ చప్పుడు వింటే గర్వం, ఆ నాలుక చూస్తే ఏడుపు.

"దూడ పోయాక పాలు తగ్గలేదా చెల్లెమ్మా?" అడిగాడు బసవపున్నయ్య.

"తగ్గడమా! అది తాగే పాలు కూడా మాకే మిగిలినయ్యి, అన్నయ్యగారూ," అని నవ్వబోయి, ఆ నవ్వుకు తనే సిగ్గుపడింది సామ్రాజ్యం. "పాపం, మీ దూడకేమైంది?"

"మగదూడమ్మా. ఇరవై రోజులది."

ఆమె జాలిగా నోరు చప్పరించింది. మగదూడంటే ఇంకేం అడుగుతుంది?

"మా గేదె మహా తెలివైంది మత్తయ్యా," అన్నాడు బసవపున్నయ్య. "నీ బొమ్మను నమ్మకపోతే చుక్క పాలు వదలదు. బాపట్ల హోటలుకి పాలు ఆగిపోతాయి. దాన్ని రేపల్లె బేరగాళ్లకి అమ్ముకోవాల్సిందే."

"నమ్ముద్దండి. నమ్మకపోతే మళ్లీ దబ్బనం పట్టను."

బసవపున్నయ్య ఇంకోసారి దూడను తల నుంచి తోక దాకా చూశాడు. ఈసారి తల ఊపాడు.

"ప్రాణమొక్కటే తక్కువ. పద, ఇప్పుడే చేద్దువుగాని."

ఆ మాటతో మత్తయి కడుపు నిండిపోయింది. తెనాలిలో కొన్న దబ్బనం, కత్తి, ఉప్పు మూట సంచిలో వేసుకుని సైకిలెక్కాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. పాకలో దూడ ఎలా పడివుందో, ఈగలు ముసిరాయో ఏమో! తల్లి పొద్దుటి నుంచి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఉంటుంది. అతను గబగబా తొక్కాడు. వెనకబడ్డ బసవపున్నయ్య కోసం రెండుసార్లు ఆగాడు.

"కొంచెం బిరానా తొక్కండయ్యా. ఎండకి తోలు పాడైపోద్ది."

"కంగారేం లేదు," అన్నాడు బసవపున్నయ్య, బీడీ ముట్టించుకుంటూ.

పిట్టలవానిపాలెం చేరారు. దొడ్లో గేదె అరుపు వినపడలేదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయింది కాబోలు అనుకున్నాడు మత్తయి. మనసులోనే చిన్న ప్రార్థన చేసుకుని, సంచిలోంచి కత్తి తీసి పట్టుకున్నాడు.

బసవపున్నయ్య పాక తడిక పక్కకు జరిపాడు.

దూడ పాలు తాగుతోంది.