నాలుగు చక్రాల ట్రైలర్

“రెండు చక్రాలది వద్దండీ. నాలుగు చక్రాలది చూపించండి,” అంది బాలసరస్వతి.

తాడేపల్లిగూడెంలో ట్రైలర్లు తయారుచేసే నిత్యానందం ఆమెకి కుర్చీ వేయించాడు గాని, జవాబు మాత్రం ఆమె వెనక నిలబడ్డ కొడుకు రవితేజకి చెప్పాడు.

“మినీ ట్రాక్టరే కదండీ. మహా అయితే ఎనిమిది వందల కిలోలు. ఈ ట్రైలర్ వెయ్యి మోస్తుంది. అమ్మగారు ఊరికే కంగారు పడుతున్నారు.”

“ఉత్త ట్రాక్టరు వెళ్ళి ఏం చేస్తుందండీ?” అంది బాలసరస్వతి. “రోటవేటరు ఉంది, గొర్రు ఉంది, మందు కొట్టే ట్యాంకు ఉంది. పామాయిలు గెలలు తూచే కాటా మీదకి అన్నీ ఎక్కించి తూయించాను. పధ్నాలుగు వందలు దాటింది. దాన్ని మీ వెయ్యి కిలోల బండి మీద పెట్టి కొల్లేరు గట్ల మీద లాగమంటారా?”

నిత్యానందం ఈసారి ఆమె వైపు తిరిగాడు. “అయితే ఇటు రండమ్మా.”

షెడ్డు వెనక్కి నడుస్తుంటే రవితేజ గొంతు తగ్గించాడు. “పంపించడానికే అయితే ఒక లారీ మాట్లాడితే పోయేది. ట్రైలర్ కొనడమెందుకమ్మా?”

“అక్కడ పని ఒక్క ఊళ్ళో దొరకదురా. ఊరూరా తిప్పాలి.”

“ట్రాక్టరు అద్దెకి తిప్పడం మన ఇంటా వంటా ఉందా?”

“లేదు. ఇక ఉంటుంది.”

“అన్నయ్య ట్రాక్టరు పరాయివాడెవడో తోలుతుంటే నీకేమీ అనిపించదా?”

“షెడ్డులో ఎలకలు దాని వైర్లు కొరుకుతుంటే అనిపించింది.”

పెద్దకొడుకు హేమంత్‌కుమార్ పెళ్ళయిన ఏడాదికే జ్వరమొచ్చి పోయి రెండేళ్ళయింది. పెదవేగి తోటలో పామాయిలు చెట్ల వరసల మధ్య తిరగడానికి వీలుగా ఉంటుందని, ముచ్చటపడి తల్లి పేరున కొన్న ట్రాక్టరది. వాడు పోయాక దాని మీద ఎవరూ కూర్చోలేదు. తండ్రి నరసింహమూర్తి మాత్రం శుక్రవారం శుక్రవారం దానికి బొట్టు పెట్టి దండ వేస్తున్నాడు.

నాలుగు చక్రాల ట్రైలర్ నేలకి దగ్గరగా, బలంగా ఉంది. బాలసరస్వతి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ర్యాంపు పలకల మీంచి పైకెక్కి, మళ్ళీ దిగింది.

“ఏటవాలు ఎక్కువగా ఉందండీ. ఎక్కించేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి. పలకలు ఇంకో మూర పెంచండి. దీనికి బ్రేకులేవీ?”

“లాగే బండికి ఉంటాయి కదమ్మా.”

“వెనక నుంచి ఇంత బరువు తోసుకొస్తుంటే దాని బ్రేకులు ఏం చాలుతాయి? దీనికీ పెట్టండి. గొలుసులు బిగించడానికి నాలుగు మూలలా కొక్కేలు కూడా. తోలే మనిషికి ఏమీ కాకూడదు.”

నిత్యానందం అన్నిటికీ ఒప్పుకున్నాడు.

ట్రైలర్ ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే, కొత్త వైర్లూ బ్యాటరీ వేయించిన ట్రాక్టరుని ఇంజను వేయకుండానే మనుషుల చేత తోయించి, సామానంతా ఎక్కించారు. బరువు వెనక్కి పడితే రోడ్డు మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుందని, ట్రాక్టరుని ఇరుసుల కంటే కాస్త ముందుకి నిలబెట్టించి, గొలుసులు తనే లాగి చూసుకుంది బాలసరస్వతి. రవితేజ పికప్ వ్యాను స్టార్ట్ చేశాడు. గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని నరసింహమూర్తి కూర్చున్నాడు.

“వాడిదంటూ మనకి మిగిలింది అదొక్కటే సరస్వతీ. అది ఈ గేటు దాటి అక్కడికి పోతే, బంధువుల్లో తలెత్తుకోగలమా?”

“వాడు దాన్ని దున్నడానికి కొన్నాడండీ, దండలు వేయించుకోడానికి కాదు. తల సంగతంటారా, నేనెప్పుడూ దించుకోలేదు. మీరు లేస్తారా, కుర్చీతో సహా ఎక్కించమంటారా? రెండు వేల కిలోలు మోస్తుంది. మీరేం బరువు కాదు.”

ఆయన లేచి కుర్చీ పక్కకి లాక్కున్నాడు. ట్రైలర్ తన ముందు నుంచి వెళుతుంటే, ట్రాక్టరు బానెట్టుని ఒక్కసారి చేత్తో తడిమాడు.

ఏలూరు దాటి కొల్లేరు దారి పట్టారు. రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యన గతుకుల గట్టు. ఎక్కడా ట్రైలర్ ఊగలేదు.

చెరువుల పని కోసం వచ్చి అక్కడొక లంక గ్రామంలో కాపురముంటున్న ఉదయ్ కిరణ్ వీధిలోనే ఎదురుచూస్తున్నాడు. ఇన్నాళ్ళూ కూలికి వేరేవాళ్ళ ట్రాక్టర్లు తోలినవాడు. అతనూ రవితేజా కలిసి గొలుసులు విప్పి, పలకలు దించారు. ఉదయ్ కిరణ్ సీటెక్కి తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు.

“బ్యాటరీ స్విచ్చు సీటు కింద ఉంటుంది,” అంది గుమ్మంలోంచి అతని భార్య.

రవితేజ చెరువు వైపు తల తిప్పుకున్నాడు. ఈసారి ఇంజను అందుకుంది. రెండేళ్ళ తర్వాత ఆ చప్పుడు వింటూ బాలసరస్వతి అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది.

ఆ అమ్మాయి నిండు నెలల కడుపుతో మెల్లగా నడిచొచ్చి మజ్జిగ గ్లాసు అందించింది. బాలసరస్వతి గ్లాసు పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

చప్పుడుకి బయటికొచ్చిన పక్కింటి అచ్చాయమ్మ ట్రాక్టరునీ, అరుగునీ మార్చి మార్చి చూసింది. ఉదయ్ కిరణ్ ఇంజను ఆపి దిగాక దగ్గరికొచ్చి అడిగింది.

“ఎవరు బాబూ ఆవిడ? మీ అమ్మగారా?”

“కాదండీ, మా ఆవిడకి అత్తగారు.”