చూడముచ్చటైన ఆట

ఈ జిల్లా టెన్నిస్ ఫైనల్ ఓడిపోతే సమీనా రాకెట్ అటకెక్కుతుందని ఇంట్లో తేల్చేశారు.

గెలిస్తే క్రీడా పాఠశాలలో సీటు, హాస్టల్. ఓడితే సోమవారం నుంచి చిన్నాయన బట్టల కొట్లో కూర్చోవాలి. సమీనా తండ్రి మాబు సాబ్ తాడిపత్రిలో బండలు కోసే మనిషి. మాట కూడా బండ కోసినట్టే ఉంటుంది.

"మూడేండ్లు చూసినానమ్మా. ఇదే ఆకరు," అన్నాడు.

పైకి అలా అన్నాడు గానీ లోపల అతనికి ధైర్యమే. కూతురికి ఆట నేర్పుతున్నది ఎవరు? సాక్షాత్తూ షఫీవుల్లా!

షఫీవుల్లా ఆ ఊళ్లోనే పుట్టి, టెన్నిస్‌ను నమ్ముకుని పన్నెండేళ్లు దేశదేశాలు తిరిగాడు. మనం పేపర్లో చూసి నోరెళ్లబెట్టే ఆటగాళ్లు అతని భుజం మీద చేతులేసి దిగిన ఫొటోలు ఇంటి గోడ నిండా ఉన్నాయి. ఏ పెద్ద పోటీ పేరు చెప్పినా "ఆడికీ పోయినా" అంటాడు. ఎవరిని ఓడించావని అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంటాడు. ఎంత వినయమో అని ఊరు మురిసిపోయింది. తిరిగొచ్చిన రోజు లారీ ఎక్కించి ఊరేగించింది. స్టేషన్ వెనక స్థలం చదును చేయించి, పాలిష్ ఫ్యాక్టరీల్లో మిగిలిన బండల పొడితో గీతలు గీయించి, కోర్టు చేతికిచ్చింది.

శిక్షణ కఠినంగానే ఉండేది. తెల్లారకముందే పిల్లలు కోర్టులో ఉండాలి. బంతి వలకు తగిలితే గుంజీళ్లు. గీత దాటితే గుంజీళ్లు. ఎవరైనా సరదాపడి మూలకు బాదితే, "ఏందా పొగరు? బంతి సావగూడదు!" అని కేకలు.

ఆ పిల్లల ఆట చూస్తే కడుపు నిండేది. మూడేళ్లుగా ఎక్కడికి వెళ్లినా అందరూ వాళ్లను మెచ్చుకున్నారు. అందరి చేతుల్లోనూ ఓడి వచ్చారు. ఊరి జనం గాలి ఎక్కువన్నారు, ఎండ దెబ్బన్నారు, అంపైర్ అవతలివాళ్ల మనిషన్నారు. షఫీవుల్లాను మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అంతవాణ్ని ఏమని అంటారు?

ఈసారి మాత్రం అవతల ఆడాల్సినవాళ్లు రాకపోవడంతో సమీనా ఆడకుండానే ఫైనల్ దాకా వచ్చింది. ఫైనల్ అనంతపురంలో జరిగింది. కోర్టులోకి దిగే ముందు సమీనా షఫీవుల్లా దగ్గరికి వచ్చింది.

"బయమయితాంది సార్."

"ఏం బయం లేదు పాపా. ఎదురుగా ఉండే మనిషిని బాగా చూడు. ఆ మనిషికి యాడ కొడితే ఇష్టమో కనిపెట్టు. సగం పని అయిపోయినట్టే."

ఎదురుగా ఉన్నది రాయదుర్గం పిల్ల సరళ. బస్సులో దారి పొడవునా వాంతులు చేసుకుని వచ్చింది. మొదట కాళ్లీడ్చుకుంటూ ఆడింది. మాబు సాబ్ మనసులోనే కూతుర్ని హాస్టల్లో చేర్చేశాడు.

ఆట సాగేకొద్దీ సరళ తేరుకుంది. సమీనా కొట్టిన ప్రతి బంతికీ చప్పట్లే. నడుమెత్తులో, కొలిచి పెట్టినట్టు వచ్చేది. సరళ దాన్ని మూలకు బాదేది. సమీనా ప్రాణం పెట్టి పరుగెత్తి, అంతే చక్కగా మళ్లీ సరళ దగ్గరికే పంపేది.

సమీనా ఓడిపోయింది.

సరళ పరుగున వచ్చి కౌగిలించుకుంది. "అక్కా, నేను ఇంత బాగా ఎప్పుడూ ఆడిండ్లేదక్కా! నీతో ఆడుతాంటే ఎంత బాగుండాదో!"

సమీనా తువ్వాల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అది చూసి మాబు సాబ్ లేచి వచ్చాడు. మూడేళ్లలో మొదటిసారి షఫీవుల్లా ముందు గొంతెత్తాడు.

"సార్, నాకు మీ ఆట తెల్దు. ఒగటి చెప్పండి. ఆ పిల్లేమో బంతిని అందకుండా కొడతాండాది. నా బిడ్డేమో తీస్కపోయి దాని చేతికే ఇస్తాండాది. ఎందుకట్ల?"

షఫీవుల్లా నిజంగానే తెల్లబోయాడు.

"అందకుండా కొడితే ఎట్ల మాబన్నా?"

"ఎట్లేంది సార్? పన్నెండేండ్లు మీరెట్ల కొట్టినారు?"

"నేనా? ఒక్క బంతి కూడా అందకుండా కొట్టలేదు," షఫీవుల్లా గర్వంగా ఛాతీ విరిచాడు. "కొట్టింటే ఆ పొద్దే నా ఉద్యోగం ఊడిపోయిండేది మాబన్నా, ఆ పెద్దాటగాళ్లు మ్యాచ్‌కి దిగేముందు వాళ్లకి చెయ్యి కుదిరేదాకా బంతులు అందిచ్చేదానికే కదా నన్ను పెట్టుకున్నింది."