ఎత్తెక్కని జీపు

ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చిన పాత జీపుని రామతీర్థం రోడ్డులోని షెడ్డు ముందు వదిలేశారు. ట్రాక్టరు మీంచి దిగిన ఆడమనిషి పేరు తాయారు. నలభై అయిదేళ్ళుంటాయి. నుదుట బొట్టు లేదు.

“బాగు సెయ్యక్కర్నేదు బాబూ,” అంది మెకానిక్ కృపానిధితో. “ఎత్తెక్కలేక నిజంగానే ఆగిపోనాదో, నేదో సూసి సెప్పు. అంతే సాలు.”

ముప్పై ఏళ్ళలో అతని దగ్గరికి ఇలాంటి పని రాలేదు. బండి ఎవరిదని అడిగాడు. ఆమె తల పక్కకి తిప్పుకుంది. పాతకాలం మనిషి, మొగుడి పేరు నోటితో చెప్పదు కాబోలు అనుకున్నాడు. జీపు అద్దం మీద ఎర్ర పెయింటుతో ‘జగన్నాధం’ అని ఉంది. ఆ పేరే పుస్తకంలో రాసుకున్నాడు.

జరిగింది ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది. మూడు నెలల కిందట, జోరు వానలో, పురిటినొప్పులు పడుతున్న పిల్లని ఈ జీపులోనే ఆస్పత్రికి బయల్దేరదీశారు. కొండెక్కే ఘాటీ రోడ్డు మొదటి మలుపులోనే జీపు ఆగిపోయింది. లాగడం లేదని డ్రైవరు నెత్తీ నోరూ బాదుకున్నాడట. పిల్ల అక్కడే పోయింది, కడుపులో బిడ్డతో సహా.

ఆ పిల్ల ఇంటికీ డ్రైవరుకీ పొలం గట్టు తగాదా ఉంది. అది మనసులో పెట్టుకుని కావాలనే ఆపాడన్న మాట పుట్టింది. ఊళ్ళో ఎవరికీ ఇంజను సంగతి తెలియదు గానీ, తీర్పు చెప్పడం మాత్రం అందరికీ వచ్చు. టీకొట్లో అతనికి గ్లాసు ఇవ్వడం మానేశారు. పదో రోజున అతను ప్రాణం తీసుకున్నాడు. జీపు అప్పటి నుంచీ ఆ మలుపులోనే పడి ఉంది. ఎవరూ తాళం తిప్పలేదు.

కృపానిధికి ఒళ్ళు మండింది, కంటితో చూడని ఆ ఊరి మీద. పనిలోకి దిగాడు.

షెడ్డులోని బ్యాటరీ తగిలించాడు. నాజిళ్ళు విప్పి, మొదటి సిలిండరుకి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి బిగించి, సెల్ఫ్ కొట్టాడు. ముల్లు నాలుగొందలకి లేచింది.

“బాగున్నాదా?” అంటూ తాయారు గబగబా దగ్గరికి వచ్చింది. బాగుందన్నాడు. ఆమె ముఖం విప్పారింది. పాపం, ఇంజను బాగుంటే తప్పు మొగుడి మీదికే వస్తుందని తెలియదు ఈవిడకి, అనుకున్నాడు.

రెండో సిలిండరులో ముల్లు నూట యాభై దాటలేదు. మూడోదీ అంతే. నాలుగోది మళ్ళీ బాగానే ఉంది.

“ఇంకోపాలి సూడు బాబూ. సరిగ్గా సూడు.”

చూశాడు. ఆ రెండింటిలోనూ చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ సెల్ఫ్ కొట్టాడు. రింగులు అరిగితే ఆయిల్ పడగానే ముల్లు లేవాలి. లేవలేదు. మళ్ళీ కొట్టమంది. కొట్టాడు. ముల్లు అక్కడే ఉంది. తాయారు చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

మధ్యాహ్నానికి ఇంజను పైభాగం, హెడ్, విప్పి దించాడు. ఒత్తిడి బయటికి పోకుండా హెడ్ కింద వేసే గ్యాస్కెట్ రేకు రెండో సిలిండరుకీ మూడోదానికీ మధ్య వేలెడంత మేర కాలిపోయి ఉంది. కాలిన అంచు మీద తుప్పు కూడా పట్టింది. నిన్నా మొన్నా కాలింది కాదు. ఆ వాన రోజున కాలిందే.

దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“సగం ఇంజను సచ్చిపోనాదమ్మా. ఈ బండిని ఆ ఎత్తు ఎవుడూ ఎక్కించనేడు. మీ ఆయన అబద్ధం ఆడనేదు. ఈ ముక్క అట్టుకెళ్ళి ఊరోళ్ళ మొకాన కొట్టు. ఆ మాట ముందు ఎవుళ్ళు పుట్టించినారో, ఆళ్ళ మొకాన ముందు కొట్టు.”

తాయారు నేల మీద కూలబడింది. ఇన్నాళ్ళ భారం దిగిందేమోనని, కృపానిధి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాడు. ఆమె అందుకోలేదు. చేతిలోని నల్లటి ముక్కని ఒళ్ళో పెట్టుకుంది.

“జగన్నాధం నాకేటీ కాడు బాబూ,” అంది చివరికి, మొదటిసారి ఆ పేరు పలుకుతూ, “ఆ జీపులో పోయిన పిల్ల నా కూతురు, ఆడు కావాలనే ఆపేసినాడని ఇల్లిల్లూ తిరిగి సెప్పినదాన్ని నేనే.”