కుందేలు వేసిన బాట

చిట్టడవిలో ఒక డాబుసరి కుందేలు ఉండేది. రోజూ ఒకే చోట నడిచి నడిచి, తన పొద నుంచి వాగు దాకా గడ్డి అణగదొక్కింది. ఒకరోజు పొరుగున ఉన్న పందికొక్కును పిలిచి చూపించింది.

"చూశావా మామా, నా బాట!"

"వాగుకు దారి నాకూ తెలుసులే అల్లుడూ," అంది పందికొక్కు.

"దారి ఎవరికైనా తెలుస్తుంది. అది బుర్రలో ఉంటుంది, ఎవరికీ కనపడదు. బాట అలా కాదు, నేల మీద నిగనిగలాడుతూ ఉంటుంది. దీని మీద కళ్లు మూసుకుని కూడా పోవచ్చు!"

అన్నంత పనీ చేసింది. కళ్లు మూసుకుని నాలుగు గెంతులు వేసిందో లేదో, వేటగాడు పన్నిన ఉచ్చు కాలికి బిగుసుకుంది.

"చచ్చాను మామా!" అని కేక పెట్టింది.

పందికొక్కు ఉరికొచ్చి తాడు పరపరా కొరికింది.

"నేనిటు వస్తానని వాడికెవరు చెప్పారు మామా?" అంది కుందేలు.

"ఇంకెవరు, నిగనిగలాడుతోందిగా, అదే చెప్పింది. బుర్రలో ఉన్నది చెప్పదు."

ఆనాటి నుంచి కుందేలు రోజుకో పొద చాటుగా వాగుకు వెళ్తోంది.

వేటగాడు మాత్రం ఇంకా ఆ పాత చోటే ఉచ్చు వేసుకుని కూర్చుంటున్నాడు. కుందేలుకు దారి అదేననుకుంటున్నాడు పాపం.