తలుపు తట్టే పద్ధతి

మత్తయి గుమ్మంలో చెప్పులు విడిచాడు. చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం ఉంది. దాన్ని ఇప్పటికి పదిసార్లు తడిమి చూసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే ఉంది పాపం అతని పని.

ఓడలరేవులో ఆ ఇంటికి అతను రావడం ఇది రెండోసారి. నెల క్రితం వచ్చినప్పుడు చేతిలో అరచేతంత డబ్బా ఉంది. సముద్రం మీద గాలి లేవబోతోందంటే దానికి ఎర్రలైటు వెలుగుతుంది. దాని ప్రోగ్రాం రాసింది అమలాపురంలో చిన్న కంపెనీలో పనిచేసే ఈ మత్తయే. పనితీరు చూడ్డానికి మొదటి డబ్బా వీరాయమ్మ కొడుకు ముత్యాలుకి ఇచ్చారు. రేవు మొత్తానికి తనకే ముందొచ్చిందని ముత్యాలు ఎంత మురిసిపోయాడో!

ఆ ముత్యాలు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

"రండి సార్," అంది అతని చెల్లెలు సత్యదుర్గ. వచ్చినవాళ్ళందరికీ చెప్పిందే మళ్ళీ చెప్పింది. "ఆ రోజు ఊళ్ళో పెళ్ళండి. ఎవరూ వేటకెళ్ళలేదు. వేసిన వల తీసుకొచ్చేస్తానని అన్నయ్యొక్కడే మధ్యాహ్నం మూడింటికి పడవ తోసేడండి. మొగ దాటి సముద్రంలోకి వెళ్ళేడో లేదో గాలొచ్చేసింది. పడవ ముక్కలైపోయింది. మీ డబ్బా కూడా పోయినట్టేనండి."

మత్తయి లోపలికి చూశాడు.

ఆమె గొంతు తగ్గించింది. "అమ్మ మెతుకు ముట్టట్లేదండి. టీనీళ్ళే. కళ్ళమ్మట చుక్క రాలేదు, నోట్లోంచి మాట రాలేదు. ఇలాగే ఉంటే ఆవిడ కూడా అన్నయ్య దారే పట్టుద్దండి."

లోపల వీరాయమ్మ గోడకి జారగిలబడి ఉంది. పక్కనే పాత ట్రంకుపెట్టె. చెయ్యి దాని మీదే ఉంది.

మత్తయి నేల మీదే కూలబడ్డాడు. "తప్పు నాదేనమ్మా," అన్నాడు.

ఎలా చెప్పాలి ఆవిడకి? సముద్రం తప్ప మరోటి ఎరగని మనిషికి సర్వరూ, ప్రోగ్రామూ అంటే ఏం తెలుస్తుంది? బస్సులో దారంతా మాటలు కూర్చుకుంటూనే వచ్చాడు.

"ఆ డబ్బా పావుగంటకోసారి, వాతావరణం చెప్పే సర్వర్ దగ్గరికెళ్ళి తలుపు కొడుతుందమ్మా. ఎవరు నువ్వంటారు. రుజువు చూపించాలి. దానికి పద్ధతులున్నాయి. పాస్‌వర్డ్ పైకి చెప్పేయడం ఒకటి. చెప్పకుండానే, నాకు తెలుసని లెక్క కట్టి చూపించడం ఒకటి. వాళ్ళు ఏది అడిగితే అది చూపించు అని కూడా రాయొచ్చు. నేనలా రాయలేదమ్మా. ఒక్క పద్ధతే రాసేను. వాళ్ళు ఆ వారమే పద్ధతి మార్చేసేరు. ఇది వెళ్ళడం, వాళ్ళు గెంటేయడం. ఇంక లైటెక్కడ వెలుగుద్ది?"

వీరాయమ్మ తలెత్తింది. తొమ్మిది రోజుల్లో అదే మొదలు.

"అయితే పడవలో ఉన్నా వెలిగేది కాదా?"

"పడవలో ఉన్నా అంటావేంటే అమ్మా?" అంది సత్యదుర్గ.

వీరాయమ్మ ట్రంకుపెట్టె తాళం తీసి మూత ఎత్తింది. చీరల అడుగునుంచి తువ్వాలు మూట తీసింది. విప్పితే డబ్బా! చుక్క నీరు తగల్లేదు, కొత్తదానిలా ఉంది.

"పట్టుకెళ్తానన్నాడు బాబూ. నేనే వద్దన్నాను. ఉప్పునీళ్ళు తగలనివ్వొద్దని ఆ రోజు నువ్వు చెప్పేవు కదా. ఖరీదైన వస్తువు, పాడైపోద్దిరా అని ఇందులో పెట్టి తాళం వేసేను. నా బిడ్డని నేనే చంపుకున్నాననుకున్నాను."

ఉప్పునీళ్ళు తగలనివ్వొద్దని చెప్పాడు. నిజమే. ఏ వస్తువిచ్చినా చెప్పే మాటే అది. మత్తయికి తల ఎత్తడానికి మొహం చెల్లలేదు. చెయ్యి మళ్ళీ జేబులో కాగితం మీదికే పోయింది.

"నీ జేబులో కాయితం దీని గురించేనా? లైటు వెలగదని అందులో రాసుందా?" అంది వీరాయమ్మ.

"ఉందమ్మా."

"ఇలా ఇవ్వండి సార్, నేను చదివి చెప్తాను," అని సత్యదుర్గ చెయ్యి చాపింది. డిగ్రీ చదువుతున్న పిల్ల.

"కంపెనీ కాగితమమ్మా, ఇవ్వకూడదు," అని జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

వీరాయమ్మ అతని కళ్ళలోకి చూసింది. "మీ ఏసుప్రభువు మీద ఒట్టెయ్యి. పడవలో ఉన్నా వెలిగేది కాదని."

మత్తయి ముక్తేశ్వరంలో సంఘపెద్ద కొడుకు. అవునంటే అవును, కాదంటే కాదు, ఒట్టన్నది పెట్టకూడదు అని నేర్పిన ఇల్లు. అయినా చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"ప్రభువు మీద ఒట్టు. వెలిగేది కాదమ్మా."

అంతే! వీరాయమ్మ ఒక్క ఉదుటున మీద పడింది. "నీ చేతులు పడిపోను! నా కొడుకుని మింగేసేవు కదరా! నీ ఇల్లు పాడుగాను!" రెండు పిడికిళ్ళతోనూ గుండెల మీద బాదింది. మత్తయి కదల్లేదు. చేతులు అడ్డం పెట్టలేదు. కొట్టి కొట్టి, చివరికి అక్కడే కూలబడి బావురుమంది. వీధిలో వాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

ఏడుపు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దుర్గా, గంజుందా?" అంది.

సత్యదుర్గ వంటింట్లోకి పరుగెత్తింది. మత్తయి ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు. వెనక నుంచి ఎవరో తిట్టారు. ఎవరో దుమ్మెత్తి పోశారు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు కాగితం తీశాడు. చింపేసేముందు ఒక్కసారి విప్పి చూశాడు.

ముత్యాలు పోయిన రాత్రి నుంచీ అతని జేబు వదలని ఆ సర్వర్ రికార్డులో ఉన్నది ఒక్కటే వరుస: పద్ధతి: ఏది అడిగితే అది; జవాబు: అనుమతి ఇచ్చాం; ఎర్రలైటు: మధ్యాహ్నం రెండూ పది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా వెలిగింది; డబ్బా ఉన్న చోటు: వీరాయమ్మ ఇల్లు.